నీలిపోగు సీసా

తడిగుడ్డతో తీగకి ఒక్కొక్క ఆకే తుడుచుకుంటూ వస్తున్న సన్యాసమ్మ చెయ్యి చూరు దగ్గరికి వచ్చేసరికి ఠక్కున ఆగిపోయింది. గుడ్డ భుజాన వేసుకుని, ముక్కాలిపీట మీద మునివేళ్లపై లేచి, మెడ చాచి చూసింది. నిన్నటిదాకా పచ్చగా, బిగుసుకుని, మేకులా నిలబడ్డ మొగ్గ ఇవాళ తెల్లబడింది. జానెడు పొడుగుంది. మడిచి మెలితిప్పిన గొడుగులా ఉంది. కొసన ఆ మెలి కాస్త వదులైంది కూడా.

చేతిలో గుడ్డ లేదు కాబట్టి కొంగుతోనే మొగ్గ పక్క ఆకుని ఇంకోసారి తుడిచింది.

హార్బరులో ఇనుపరాయి ఓడకెక్కించినప్పుడల్లా మర్నాటికి కంచరపాలెం పెంకుల మీద, ఆరేసిన బట్టల మీద, ఆఖరికి కుండలో నీళ్ల మీద కూడా ఎర్రటి పొడి పేరుకుంటుంది. మనుషులైతే దులుపుకుంటారు, ఆకులెలా దులుపుకుంటాయి? అందుకని వాన లేని ప్రతి రోజూ, పంపు దగ్గర తన బిందె వంతు వచ్చేలోగా, ఆమె ఆ తీగకి ముఖం కడుగుతోంది. కన్నకూతురు గౌరీశ్వరికి కూడా ఇంత శ్రద్ధగా కడగలేదని మొగుడు తవిటయ్య అననే అన్నాడు. వీధిలో వాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు, ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

పీట దిగి లోపలికి పరిగెత్తింది. యాభై మూడేళ్ల మనిషి, అందులోనూ గోధుమ దుమ్ము పీల్చి పీల్చి ఆయాసం తెచ్చుకున్న మనిషి, అలా పరిగెత్తకూడదు. కానీ ఎవరు చెబుతారు? చెప్పవలసిన తవిటయ్య రాత్రంతా గోడౌను కాపలా కాసి వచ్చి, అప్పుడే నడుం వాల్చాడు.

"మావా! మావా! లెగు. మొగ్గ తెల్లబడిపోనాది!"

"ఏటే, ఏ కొంప ములిగిపోనాది?"

"కొంప కాదు, మొగ్గ! ఇయాళ పూసెత్తాది. పొద్దెక్కేసరికి పూసెత్తాది, నాను సెప్తన్నాను కదా."

"పూత్తే పూయనీ. నన్నడిగి పూత్తాదేటి?" అని ఆయన దుప్పటి ముసుగేసుకున్నాడు.

ఆమె ఆ దుప్పటి ఒక్క గుంజు గుంజింది. "నాను పనికెల్లాల. నువ్వీ మంచం బయటేసుకుని దాని కిందే కూకో. కన్ను ఆర్పకు. ఏ రంగో, ఎన్ని రేకలో, ఎలగ ఇచ్చుకున్నాదో, అంతా సూసి నాకు సెప్పాల."

"రేత్రంతా ఊరోళ్ల బస్తాలకి కాపలా, పగలంతా నీ పువ్వుకి కాపలా. మరి నా నిద్దరో?"

"ఒక్క రోజు మావా. ఏడేళ్ల నుంచి కాసుకున్నాను కదేటి."

ఏడేళ్లన్న మాట వినగానే తవిటయ్య లేచి, మంచం భుజానికెత్తుకున్నాడు. ఆ ఏడేళ్లూ ఆ గింజతో కాపరం చేసినవాడే కదా ఆయన కూడా.

సంగతి ఏమిటంటే, హార్బరుకి గోధుమల ఓడ వచ్చినప్పుడు బస్తాలు చిరిగి, షెడ్డు నేలంతా గింజలు చెదిరిపోతాయి. వాటిని ఊడ్చి, జల్లించి, చేటతో చెరిగి, మట్టి తీసేసి మళ్లీ బస్తాకెత్తడం ఊడ్చే ఆడవాళ్ల పని. పద్దెనిమిదేళ్లుగా సన్యాసమ్మ చేస్తున్నదదే. చెరుగుతుంటే చేట కొసకి చెత్త వస్తుంది. ఆ చెత్తలో గోధుమ కాని గింజలుంటాయి: గుండ్రటివి, ముళ్లవి, రెక్కలున్నవి, ఆవగింజలో సగం ఉన్నవి, ఏ దేశపు పొలం గట్టు మీదవో ఎవరికీ తెలియనివి. మిగతా ఆడవాళ్లు ఉఫ్ఫని ఊదేస్తారు. సన్యాసమ్మ మొదటిరోజే ఊదలేకపోయింది. రైతు ఇంట పుట్టి రైతు ఇంట మెట్టిన మనిషి, బతికున్న గింజని ఎలా ఊదుతుంది?

అప్పటికి గాజువాక అవతల తవిటయ్యకి ఎకరంన్నర మెట్ట ఉండేది. వరసగా రెండేళ్లు వానలు ఎగ్గొడితే, నాలుగు రోజులు ఏదో పని చేసుకుందామని మొగుడూ పెళ్లాలు పట్నం వచ్చారు. తిరిగి వెళ్లినప్పుడు గట్ల మీద వేసి చూడొచ్చు కదా అని ఆమె ఆ వింత గింజలు దాచడం మొదలుపెట్టింది. గేటు దగ్గర సోదా ఉంటుంది. ఒడి దులపాలి, కొంగు విప్పాలి. అందుకని గింజని కొప్పులో దోపుకునేది. సోదా చేసే వెంకటరమణమ్మ మూడో రోజే కొప్పు తడిమి పట్టేసింది. అరచేతిలో వేసుకుని చూసి, "గడ్డి గింజలా?" అని పగలబడి నవ్వి, తిరిగి తనే కొప్పులో దోపింది.

ఇంజక్షను మందు అయిపోయిన చిన్న సీసాలు, రబ్బరు మూతలతో సహా, వీధి చివర డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉన్న గంగాధరరావు ఇచ్చేవాడు. సన్యాసమ్మకి రాయడం రాదు. ఏ ఓడ గింజలైతే ఆ ఓడ బస్తాల పోగో, తాడు పీచో తెచ్చి సీసా మెడకి కట్టేది. ఎర్రపోగు సీసా, రెండు ముడులు వేసిన పీచు సీసా, తెల్లదీ పచ్చదీ పేనిన పోగు సీసా. వేపాకు పరిచిన రేకు పెట్టెలో అవి బారులు తీరి ఉండేవి. ఒక పెట్టె నిండింది. రెండోది నిండింది. మూడోదానికి చోటు లేక తవిటయ్య ట్రంకుపెట్టె ఖాళీ చేయించి, ఆయన చొక్కాలు మేకుకి తగిలించింది.

నాలుగేళ్ల కిందట ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఆ చుట్టుపక్కల భూములతో పాటు వాళ్ల ఎకరంన్నరా పోయింది. ఆ రోజు తవిటయ్య పెట్టెల ముందు గొంతుక్కూచుని, "ఇంకెందుకే ఇయ్యన్నీ? ఎక్కడ సల్తావు, నా నెత్తి మీదా?" అన్నాడు. మర్నాడు పనిలోంచి వచ్చి కొప్పు విప్పితే నాలుగు గింజలు రాలాయి. ఆ మర్నాడు ఏడు. న్యాయానికి ఆ భూమితోనే ఆ పిచ్చి పోవాలి. పోకపోగా రెట్టింపయింది. సాయంత్రం అన్నం తిన్నాక సీసాలన్నీ నేల మీద పరిచి, ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, మళ్లీ సర్దేది. భూమి పోయింది కానీ, ఆ సీసాలున్నంతసేపు చల్లవలసిన పని ఇంకా మిగిలి ఉన్నట్టే ఆమెకి. చేతిలో విత్తనం ఉన్న రైతు దిగాలుగా కూర్చోడు.

నాటి చూడలేదని కాదు. నూనె డబ్బాల్లో, పగిలిన కుండల్లో నాటేది. కొన్ని మొలిచేవి, కొన్ని మొండికేసేవి. ఒకసారి సన్నటి గింజలు వేస్తే ముచ్చటగా చీలికలు చీలికలు ఆకులతో మొక్కలు లేచి, చిన్నచిన్న తెల్లపూలు పూశాయి. సన్యాసమ్మ సంబరపడి వీధిలో అందరికీ చూపించింది. పది రోజుల్లో వీధి వీధంతా గోక్కోవడం మొదలుపెట్టింది. గంగాధరరావు వచ్చి చూసి, "ఓసి నీ ఇల్లు బంగారంగానూ, వయ్యారిభామని పెంచుతున్నావా!" అన్నాడు. అన్నీ పీకేసింది. చేతులు మోచేతుల దాకా వాచాయి. ఆ తర్వాత ఒకనాడు పెట్టె తీస్తే, ఆ గింజల సీసా ఇంకా అందులోనే ఉంది.

"దీన్నీ దాసినావేటే?" అన్నాడు తవిటయ్య నిర్ఘాంతపోయి.

"దాన్దేటి తప్పు? దానికి తెలిసిన పని అది సేసింది" అని ఆమె మూత బిగించింది.

అన్నింటిలోకీ నీలిపోగు సీసాది వేరే దారి. అందులో ఒక్కటే గింజ. ఏడేళ్ల కిందట నీలం తాళ్ల ఓడ వచ్చినప్పుడు దొరికింది. బఠాణీ కంటే పెద్దది, పాలపన్నులా తెల్లగా, గట్టిగా ఉంది. అలాంటిది ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. ఒక్కటే కావడంతో చిక్కు వచ్చింది. నాటితే చచ్చిపోవచ్చు. నాటకపోతే ఏమిటో తెలియదు. "ఏసీయే, పోతే పోద్ది" అని తవిటయ్య ప్రతి తొలకరికీ పోరేవాడు. "ఉంకోటి దొరికినాక ఏత్తాను" అనేది ఆమె. ఇంకోటి దొరకలేదు. ఆ ఇంకోదాని కోసం పద్దెనిమిదిమంది ఊడ్చిన చెత్తంతా తనే చెరిగేది.

ఈ ఏడు ఆషాఢంలో ఓ పాత సీసా మూత తీస్తే గింజలకి బదులు పిండి రాలింది. పుచ్చిపోయాయి. సన్యాసమ్మ ఆ పిండిని చాలాసేపు చూసింది. అదే వారం దగ్గు ఎక్కువై గంగాధరరావు దగ్గరికి వెళితే, ఆ దుమ్ము పని మానెయ్యమని ఆయన గట్టిగానే చెప్పాడు. ఇంటికొచ్చి నీలిపోగు సీసా తీసింది. "ఇది ముందెలిపోద్దో, నాను ముందెలిపోతానో. ఇంకాగకూడదు మావా" అంది. చిన్నప్పుడు గచ్చకాయని అరుగుకి రుద్ది పక్కవాళ్లకి చురుకు పెట్టినట్టు, ఆ గింజని గుమ్మం రాతికి ఒక పక్క అరగదీసి, నీళ్లలో నానబెట్టి, వేలితో గుంట తీసి పాతింది. మొలక వచ్చిన రోజు ఆమె అన్నం తినలేదు, సంతోషంతో. తీగ గోడెక్కింది, పెంకులెక్కింది, ఆకులు తమలపాకులంతయ్యాయి. ఇవాళ్టికి మొగ్గ.

పనికి వెళ్లే దారిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పింది. తలుపులు తీస్తున్న గంగాధరరావుకి రోడ్డు ఇవతలినించే కేకేసింది.

"కాంపౌండరు బాబూ, ఇయాళ పూత్తాది!"

"ఏది, మళ్లీ దురద మొక్కా?"

"కాదు బాబూ, నీలిపోగుది!"

"అయితే నాకో గింజ ఇవ్వాలి. ఇన్నేళ్లూ సీసాలిచ్చింది నేనే కదా!"

"అలాగే బాబూ!" అంది. పువ్వు పూయకుండానే ఒక గింజ బాకీ పడింది.

హార్బరు గేటు దగ్గర వెంకటరమణమ్మ కూడా ఒకటి అడిగింది. కొప్పులో దాచనిచ్చిన పుణ్యం తనదే అంది. కాదనడానికి లేదు. రెండు బాకీలు.

షెడ్డులో ఆ రోజు ఆమె చేట ఆడుతోందే గానీ కళ్లు అక్కడ లేవు. పొద్దెక్కేకొద్దీ ఆత్రం ఎక్కువైంది. ఇప్పుడు విచ్చుకుని ఉంటుందా? ఎండ తగిలి ఉంటుంది, విచ్చుకునే ఉంటుంది. ఏ రంగు? మొగ్గ తెల్లగా ఉన్నా లోపల ఎరుపు ఉండొచ్చు, మందారం మొగ్గ చూసి మందారం రంగు పూర్తిగా ఎవరు చెప్పగలరు? పసుపు కావచ్చు. ఊదా కావచ్చు. రేకల మీద చుక్కలుండొచ్చు. మావ చూస్తున్నాడో, గురక పెడుతున్నాడో! మేక రాలేదు కదా! ఎదురుగా కూర్చుని చెరుగుతున్న చిలకమ్మ, ఆమె కంటే పదేళ్లు చిన్నది, చేట ఆపి చూసింది.

"ఏటప్పా, నీ సేటలో గింజలన్నీ కిందడిపోతన్నాయి. మనసెక్కడున్నాది?"

"పెంకుల మీద ఉన్నాదే సిలకా."

సంగతి విని చిలకమ్మ కిసుక్కుమంది. ఆ పక్కావిడకి చెప్పింది. మధ్యాహ్నం అన్నం మూటలు విప్పేసరికి షెడ్డంతా పాకింది. తలా ఒక రంగు పందెం కాశారు. మిరపకాయ ఎరుపని ఒకామె, కనకాంబరం రంగని ఒకామె. సన్యాసమ్మకి ముద్ద దిగలేదు. నాలుగున్నర దాకా ఓపిక పడితే చాలు, అనుకుంది.

నాలుగున్నరకి మేస్త్రీ సత్యం వచ్చాడు. "రేపు తెల్లారీసరికి షెడ్డు కాళీ అయిపోవాల. ఇంకో ఓడ కాసుకున్నాది. ఎవులూ కదలొద్దు, సీకటి పడ్డాకే గేటు" అన్నాడు.

ఆడవాళ్లంతా సణుక్కుంటూ మళ్లీ చీపుళ్లు అందుకున్నారు. సన్యాసమ్మ మాత్రం లేచి నిలబడింది. పద్దెనిమిదేళ్లలో అలా నిలబడడం అదే మొదలు.

"మేస్త్రీ, నాను ఎల్లాల."

"ఏటైనాదత్తా? ఒంట్లో బాగోనేదా?"

దగ్గు ఉండనే ఉంది. రెండుసార్లు దగ్గితే సత్యమే రిక్షా ఎక్కించేవాడు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ ఏడేళ్లు కాపాడుకున్న దాని కోసం అబద్ధమాడడం ఎందుకో ఆమెకి బాగుండలేదు.

"బాగానే ఉన్నాను. మా ఇంటికాడ పువ్వు పూత్తాది. సూడాల."

షెడ్డు గొల్లుమంది. సత్యం తల గోక్కున్నాడు.

"పువ్వా?"

"పువ్వే."

"మీ గౌరీసు పెల్లికి కూడా నువ్వు పూట పని సేసినట్టు గేపకం."

"అవును, మజ్జానం దాకా సేసినాను. పెల్లి సాయంత్రం కదా మరి."

చిలకమ్మ చీపురు పట్టుకుని అడ్డొచ్చింది. "అప్ప వంతు నాను ఊడుత్తాను మేస్త్రీ, ఒగ్గీ. ఒలప్పా, నాకో గింజియ్యాల మరి. వొట్టినే కాదు."

"ఇత్తానే. నా తల్లివి."

"ఎల్లత్తా, ఎల్లు" అన్నాడు సత్యం. "ఏ రంగు పూసిందో రేపొచ్చి సెప్పు, నేపోతే నాకు నిద్దర పట్టదు."

సన్యాసమ్మ ఆ మాట పూర్తిగా వినలేదు. అప్పటికే గేటు దగ్గర ఒడి దులుపుతోంది.

యారాడ కొండ మీదుగా వెలుగు పల్చబడుతోంది. జ్ఞానాపురం రోడ్డు మీద లారీలు, సైకిళ్లు, డ్యూటీ దిగిన జనం. ఆమె వాళ్లందరినీ తప్పించుకుంటూ నడిచింది, కొంత పరిగెత్తింది. రైలు వంతెన కింద ఆయాసం ఛాతీ పట్టేసింది. ఒక రాయి మీద కూలబడి, నోరు తెరుచుకుని, చూపు మాత్రం ఇంటి దిక్కునే పెట్టి కూర్చుంది. ఊపిరి కొద్దిగా అందగానే మళ్లీ లేచింది. ఎవరో పలకరించారు. "తరవాత, తరవాత" అని చెయ్యి ఊపింది.

వీధి మలుపు తిరిగేసరికి తవిటయ్య గురక వినబడింది. మంచం మీద వెల్లకిలా, కళ్ల మీద తువ్వాలు, నోరు తెరిచి. తల ఎత్తి చూడడానికి భయమేసింది. ఎలాగో ఎత్తింది.

మొగ్గ మొగ్గలానే ఉంది. పొద్దున్న ఎలా ఉందో అలా, కాస్త ఉబ్బి.

"పూయనేదు!" అని అరిచింది. "మావా, ఇంకా పూయనేదు!"

తవిటయ్య దిగ్గున లేచి కూచుని, "సూత్తనే ఉన్నాను" అన్నాడు.

"బాగా సూసినావు. తువ్వాల్లోంచి."

"ఎండకి కళ్లు మండితే కప్పుకున్నాను. మజ్జానం దాకా రెప్పెయ్యనేదు, ఒట్టు. పొద్దెక్కితే పూసెత్తాదన్నావు కదా, మరి పూసిందా? సవ్వుడన్నా సేసిందా?"

పగలు పూసేదయితే ఈపాటికి పూయాలి. పూయలేదంటే ఇక పూయదేమో. మొగ్గలోనే రాలిపోయేవి కూడా ఉంటాయి, బీరకి, దోసకి చూసింది తను. ఆమె పీట తెచ్చుకుని మొగ్గ కింద కూర్చుంది. తవిటయ్య డ్యూటీకి వెళ్లే వేళ అవుతోంది. ఆయన కదల్లేదు. వీధిలో దీపాలు వెలిగించే హడావిడి, పిల్లల కేకలు, బొగ్గుల కుంపట్ల పొగ. ఆకాశం పశ్చిమాన ఎర్రబడి, ఆ ఎరుపు కూడా పోయి, బూడిదరంగు మిగిలింది.

అప్పుడు ఒక ఆకు కదిలింది. గాలి లేదు. ఆకు కాదు కదిలింది, మొగ్గ.

మెలి ఒక్కసారి వణికింది. ఆగింది. మళ్లీ వణికి, కొస నుంచి ఒక మడత జారింది. తర్వాత ఇంకో మడత. ఆమె తవిటయ్య చెయ్యి పట్టుకుని పిసికేస్తోంది. మెలి గిర్రున విప్పుకుంటూ, విప్పుకుంటూ, ఇద్దరి కళ్లముందే, పది లెక్కపెట్టేలోగా, అరచెయ్యంత పువ్వు పూర్తిగా విచ్చుకుని నిలబడింది. తెల్లగా ఉంది. చీకటి పడిన వీధిలో ఆ ఒక్క చోట వెన్నెల వేసినట్టుంది. తర్వాత వాసన వచ్చింది. సంపెంగ కాదు, జాజి కాదు, అంతకు ముందెప్పుడూ ఎరగనిది.

"తెల్లదే" అన్నాడు తవిటయ్య. పెళ్లాం పాపం ఎన్ని రంగులు అనుకుందో అని ఆయనకి జాలి కలిగింది.

"తెల్లదే మావా!" అంది సన్యాసమ్మ. పీట మీద నిలబడి, చిన్నపిల్లలా చప్పట్లు కొడుతోంది. "ఎర్రదనుకున్నాను, పచ్చదనుకున్నాను, సుక్కలదనుకున్నాను. అన్నీ అనుకున్నాను గానీ తెల్లదనుకోనేదు! పొద్దోయినాక పూత్తాదని అస్సలనుకోనేదు! సూడు, సూడు, మనకి తెలీనట్టే పూసింది!"

వీధి వీధంతా వచ్చింది. గంగాధరరావు వచ్చి, కళ్లజోడు సర్దుకుని, పేరేమిటో ఆలోచించి, తనకీ తెలియదని ఒప్పుకున్నాడు. ఎవరో కోసి దేవుడికి పెట్టమన్నారు. సన్యాసమ్మ అలా అన్నావిడ వైపు ఒక చూపు చూసింది. ఆవిడ మళ్లీ అనలేదు.

అందరూ వెళ్లాక తవిటయ్య చొక్కా తొడుక్కుంటూ అడిగాడు. ఏడేళ్లుగా అడగాలనుకున్నదే.

"ఒసే, ఆ ఏడే ఏసీసుంటే ఆ ఏడే సూసుందువు కదా. ఎందుకలగ దాసీసినావు?"

ఆమె పువ్వు మీంచి కళ్లు తీయలేదు. "ఏమో మావా. సీసా సెవి కాడ పెట్టుకుంటే టిక్కుమనేది. అది ఇన్నాక రేపు లెగాలనిపించేది. ఏసీత్తే మరి టిక్కుమనదు కదా." పక్క ఆకుని కొంగుతో తుడిచి, "అయినా బాగున్నాది. ఏసినా బాగున్నాది" అంది.

తెల్లవారేసరికి పువ్వు వాడి, తడిసిన కాగితంలా వేలాడింది. సన్యాసమ్మ దిగులుపడలేదు. సీసా మెడకి ఉన్న నీలిపోగు విప్పి, ఆ పువ్వు కాడకి వదులుగా కట్టింది. పాదులో విత్తనానికి ఉంచిన కాయకి ఇంట్లో ఎవరూ పొరపాటున కొయ్యకుండా దారం కట్టడం వాళ్ల ఊరి రివాజు. షెడ్డుకి వెళ్లి, "తెల్లదే!" అని గుమ్మంలోంచే అరిచింది. పందెం ఎవరూ నెగ్గలేదు.

ఆ తర్వాత నెల పైన తీగ రోజూ పూసింది. ఒక్కో సాయంత్రం ఏడెనిమిది. పీట మీద కూచుని ఆమె ప్రతిదాన్నీ మొదటిదాన్ని చూసినట్టే చూసింది.

మార్గశిరం చివర్లో ఒక మధ్యాహ్నం, షెడ్డులో అన్నం తిన్నాక, చేట ఒళ్లో పెట్టుకుని బస్తాకి చేరగిలబడింది. కునుకు తీస్తోందని చిలకమ్మ కాసేపు లేపలేదు. లేపితే లేవలేదు. ఇంటి దగ్గర నీళ్లు పోయడానికి కొప్పు విప్పితే మూడు గింజలు రాలాయి. గౌరీశ్వరి వాటిని ఏరి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన గుప్పిట మూసుకుని ఆ రోజంతా తెరవలేదు.

పదకొండో రోజుకి ఇంటి ముందు పందిరి వెయ్యాలని వీధి కుర్రాళ్లు పెంకుల మీద తీగ లాగి అవతల పారేశారు. పాపం వాళ్లకేం తెలుసు. తవిటయ్య స్నానం చేసి వచ్చేసరికి అది చెత్తకుప్ప మీద వడలి పడి ఉంది. కుప్ప ముందు గొంతుక్కూచుని, ఆకు ఆకునా వెతికాడు. కాయలన్నీ పచ్చివి, నలిగిపోయాయి. అడుగున నీలిపోగు కనబడింది. దాని కింద కాయ ఎండి, గోధుమరంగుకి తిరిగి ఉంది. అరచేతిలో నలిపితే నాలుగు గింజలు వచ్చాయి, పాలపళ్లలా.

కార్యాలన్నీ అయిపోయి, కూతురు అత్తారింటికి వెళ్లిపోయాక, తవిటయ్య గంగాధరరావుకి ఒకటి ఇచ్చాడు. హార్బరు గేటు దాకా నడిచి వెళ్లి వెంకటరమణమ్మకి ఒకటి, షెడ్డు బయట నిలబడి కబురంపి చిలకమ్మకి ఒకటి ఇచ్చాడు. "అప్ప మాట తప్పనేదు" అని చిలకమ్మ ఏడ్చింది. ఇంటికొచ్చి నాలుగోదాన్ని పట్టుకుని గోడ పక్కన కూర్చున్నాడు. వేలితో గుంట తీశాడు. గింజ అందులో వేశాడు. అరగదియ్యడం మరిచిపోయానని గుర్తొచ్చి మళ్లీ తీశాడు. గుమ్మం రాయి దాకా వెళ్లాడు. రాతికి ఆనించాడు కూడా. "ఏసీ, పోతే పోద్ది" అని తనకి తనే పైకి చెప్పుకున్నాడు. చెయ్యి కదల్లేదు. సీసాకి రబ్బరు మూత బిగించిన చప్పుడు పక్కింటికి వినబడింది.

ఆయన డ్యూటీకి వెళ్లేటప్పుడు రోజూ చెవి దగ్గర పెట్టుకుని ఆడించే ఆ సీసా కిటికీ ఊచ పక్కన ఉంది, మెడకి నీలిపోగుతో, లోపల ఒక్కటే గింజతో.